పొయ్యిలమ్మ

"నీళ్ళు కాగాయా?"

పెళ్ళయిన ఏడేళ్ళలో పొద్దున్నే మా ఆయన నాతో అనే మొదటి మాట ఇదే. అరకు కొండల మీద ఎండాకాలంలో కూడా తెల్లారగట్ల వణుకు పుడుతుంది కాబట్టి ఆయన అడగడంలో తప్పు లేదనుకోండి. ఆ ఏప్రిల్ పొద్దున కూడా నేను పెరటి పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఊదుగొట్టంతో ఊదుతున్నాను. కట్టెలు పచ్చివి. కళ్ళు మండుతున్నాయి, ముక్కు కారుతోంది, దగ్గితే నిప్పు ఆరిపోతుందేమోనని దగ్గు ఆపుకుంటున్నాను. ఆయన ఒక్కరి స్నానానికి నాలుగు దుంగలు. ఆ నాలుగు దుంగలూ బూడిదయ్యాక నేను జడ వేసుకుని, సంచీలో చార్టు పెట్టుకుని, కొండ ఎక్కి వెళ్ళి ఆడవాళ్ళని కూర్చోబెట్టి "అమ్మలారా, కట్టె ఆదా చెయ్యండి, పొగ మింగకండి, అడవి మిగిల్తే మీకే మంచిది" అని చెప్పాలి. అదీ నా ఉద్యోగం. ఆ చార్టులో ఒక పక్క పొగపొయ్యి ముందు దగ్గుతున్న ఆడమనిషి బొమ్మ, రెండో పక్క పొగరాని పొయ్యి ముందు నవ్వుతున్న ఆడమనిషి బొమ్మ ఉంటాయి. ఆ దగ్గే ఆవిడ అచ్చు నాలాగే ఉంటుందని మా ఆఫీసు అటెండరు ఒకసారి అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆఫీసులో అందరికంటే ముందు నవ్వేదాన్ని నేనే.

నేను బ్లాకాఫీసులో గ్రామసేవికని. మా ఆయన వరహాలరావుగారు అదే ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. నేను ఊళ్ళలో చేసిన పనిని ఆయన కాగితం మీద ప్రోగ్రెస్ రిపోర్టుగా రాసి పైకి పంపుతారు. అంటే నా పనికి ఆయన మాటలన్నమాట. పొగరాని పొయ్యిల పథకం వచ్చిన కొత్తలో, మనింట్లో కూడా ఒకటి కట్టుకుందామండీ, మట్టి నేనే కలుపుతాను, మధ్యాహ్నానికల్లా అయిపోతుంది అని అడిగాను. "గవర్నమెంటు క్వార్టరు కప్పుకి కన్నం పెడతావేటి? నీ పొయ్యిలు ఆ కొండోళ్ళకి కట్టు, వాళ్ళకి కట్టడానికే నీకు జీతం" అన్నారాయన. మా అత్తగారు అప్పలనర్సమ్మగారు మంచం మీంచే అందుకున్నారు. "పొగ తగలని కూరకి రుసేటే? మేం బతకనేదా పొగలో? సచ్చిపోనామా?" ఆవిడ సగం మాటకే దగ్గొచ్చి మిగతా సగం పూర్తి చెయ్యలేకపోయారు. నేను వెళ్ళి మంచినీళ్ళు ఇచ్చాను.

భయం గురించి చెప్పాలి. ఎందుకంటే ఈ కథంతా దాని గురించే. నాకు మొదట్నించీ భయం ఎక్కువ. లోయ దిగే బస్సన్నా, పామన్నా, ఇంగ్లీషులో మాట్లాడే ఆఫీసర్లన్నా భయమే. అవన్నీ చెప్పుకోగలిగిన భయాలు. చెప్పుకోలేనిది ఒకటుంది. మా ఆయన అరిచే మనిషి కారు. బయట ఎవరినడిగినా వరహాలరావు నెమ్మదస్తుడనే చెబుతారు. ఆయనకి కోపమొస్తే రేడియో ఆపుతారు. తర్వాత కళ్ళజోడు తీసి, కాడలు జాగ్రత్తగా మడిచి, డబ్బాలో పెట్టి, డబ్బా అలమరలో పెడతారు. ఏడేళ్ళలో చెయ్యి చేసుకున్నది రెండే రెండుసార్లు. రెండే కదా అని నాకు నేనే ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు. కానీ కొట్టిన ఆ రెండుసార్లకంటే, కళ్ళజోడు తుడుచుకోవడానికి తీసిన వేలసార్లు నన్ను ఎక్కువ పిండి చేశాయి. ఆయన చెయ్యి చెవి దగ్గరికి వెళ్తే చాలు, చేతిలో గరిటె ఉంటే కింద పెట్టేస్తాను. ఏం తప్పు చేశానా అని పొద్దుట్నించీ చేసినవన్నీ వెనక్కి తిప్పి చూసుకుంటాను. ఆయన పాపం అద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని పేపరు చదువుకుంటూ ఉంటారు. నేను మాత్రం అరగంట దాకా మామూలు మనిషిని కాలేను.

సిరిసపుట్టుకి వెళ్ళినప్పుడు ఈ భయం నా వెంట వచ్చేది కాదు. బస్సు దిగి గెడ్డలో మోకాటిలోతు నీళ్ళు దాటి గంటసేపు నడిస్తే ఆ ఊరు వస్తుంది. ఇరవై మూడు ఇళ్ళు. అక్కడి ఆడవాళ్ళు ఆదివాసీ ఒడియా మాట్లాడతారు, చిన్నవాళ్ళకి తెలుగు కూడా వచ్చు. ఆరేళ్ళుగా తిరిగి తిరిగి నేను వాళ్ళ భాష నేర్చుకున్నాను. ఆఫీసర్లెవరైనా వస్తే వాళ్ళ మాట వీళ్ళకీ, వీళ్ళ మాట వాళ్ళకీ చెప్పేది నేనే. కిందటేడు డిసెంబరులో ఆ ఊళ్ళో ఇంటింటికీ పొగరాని పొయ్యి కట్టాను. కట్టించాను అనడం లేదు, కట్టాను. పుట్టమన్ను, పేడ, ఊక కలిపి నా కాళ్ళతో తొక్కాను. రెండు కుండలు పట్టే పొయ్యి, వెనకాల గొట్టం, పెంకు తీసి గొట్టం బయటికి పెట్టి దాని నెత్తిన రేకు టోపీ. మొదటి పొయ్యి చిన్నమ్మి ఇంట్లో వెలిగించినప్పుడు గొట్టంలోంచి పొగ ఇంటి బయటికి పోతుంటే ఊరు ఊరంతా బయటికొచ్చి కప్పుకేసి చూసింది. చిన్నమ్మి అత్త గురుబారి అరవై ఏళ్ళ మనిషి, ఇంట్లో నిలబడి గట్టిగా గాలి పీల్చి, దగ్గు రాకపోతే ఆశ్చర్యపోయి, మళ్ళీ పీల్చింది. అదివరకు రోజూ కట్టెల మోపు కోసం కొండెక్కే చిన్నమ్మి ఇప్పుడు రెండు రోజులకోసారి వెళ్తే సరిపోతోంది. నా పేరు సత్యకుమారి అని వాళ్ళలో ఎవరికీ గుర్తులేదు. పొయ్యిలమ్మ అన్నారు. ఆ మాట ఆఫీసులో తెలిసి మా ఆయన "ఏటి, పొయ్యిలమ్మ వారూ" అని వెక్కిరించేవారు. వెక్కిరించినా ఆ పేరు నాకిష్టం. మా అమ్మ పెట్టిన పేరు తర్వాత నేను సంపాదించుకున్న పేరు అదొక్కటే.

ఆ ఏప్రిల్ పొద్దున నాలుగు దుంగలు కాల్చి వెళ్ళింది ఆ ఊరికే. చిన్నమ్మి వాకిట్లో చింతపండు పిక్కలు తీస్తోంది. నన్ను చూసి నవ్వింది కానీ లేవలేదు. ఎప్పుడూ ఎదురొచ్చే మనిషి. "ఏటి చిన్నమ్మీ, ఒంట్లో బాగోలేదా?" అన్నాను. "బాగానే ఉన్నానమ్మా. ఒకపాలి లోపలికి రా" అని తీసుకెళ్ళింది. పొయ్యికి సరిగ్గా పైన, దూలానికి మొక్కజొన్న కండెలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. అవి వచ్చే పంటకి విత్తనం. చిన్నమ్మి కర్రతో ఒక గుత్తిని తట్టింది. తెల్లటి పిండి నా జడ మీదా, భుజం మీదా, నేను కట్టిన పొయ్యి మీదా రాలింది.

"పురుగు పట్టీసిందమ్మా. అన్నిటికీ" అంది.

"ఎందుకు పట్టింది? ఎండలో పెట్టలేదా?"

"పెట్టినాం. ఎండ సాలదు. ఎప్పుడూ పొగలో ఉండీది కదా. పొగుంటే పురుగు రాదు. ఇప్పుడు పొగ నేదు కదా మరి" అంది, నేనేదో అమాయకంగా అడిగినట్టు నెమ్మదిగా.

అప్పుడు గుర్తొచ్చింది. డిసెంబరులో నేను మట్టి తొక్కుతుంటే గురుబారి పక్కన కూర్చుని వాళ్ళ భాషలో ఒక మాట అడిగింది. "పొగ బయటికి పంపేస్తే మరి గింజలేం తింటాయి?" నాకు మాట తెలుసు, అర్థం తెలీలేదు. ముసలమ్మ చాదస్తమనుకున్నాను. నవ్వి, "గింజలు పొగ తింటాయా అవ్వా, మనుషులే తింటారు, అందుకే దగ్గు" అన్నాను. అక్కడున్న ఆడవాళ్ళు కూడా నవ్వారు, నేను నవ్వాను కాబట్టి. సాయంత్రం ఆఫీసు పుస్తకంలో "మూఢనమ్మకాలు ఉన్నప్పటికీ ప్రజలు సహకరించారు" అని రాశాను. రెండేళ్ళు ట్రైనింగయిన దాన్ని, పొగ గురించి ఒక చార్టంతా చదివినదాన్ని. ఆ చార్టులో దూలం లేదు. దూలానికి కండెలు లేవు.

ఇల్లిల్లూ తిరిగాను. అన్ని ఇళ్ళలోనూ అదే పిండి. మూలనున్న ఒక ఇంట్లో మాత్రం మంచి కండెలున్నాయి. ఎందుకంటే ఆ ఇంటావిడ నేను రాని రోజుల్లో గొట్టం మూసేసి పొగని ఇంట్లోకే వదులుతోంది. నన్ను చూడగానే భయపడి గొట్టానికి అడ్డం పెట్టిన గుడ్డ లాగేసింది. నా ముందు ఒక మనిషి అలా భయపడటం నేను ఎప్పుడూ చూడలేదు. నా మొహం ఎవరి మొహంలా కనపడిందో అనిపించింది. బయటికొచ్చేశాను. జూన్‌లో తొలివాన పడగానే విత్తాలి. ఈ గింజ మొలవకపోతే ఇరవై రెండు ఇళ్ళకి ఆ ఏడు తిండి ఎక్కణ్ణించి వస్తుంది? నన్ను ఒక్కరూ తిట్టలేదు. తిట్టుంటే బాగుండును. చిన్నమ్మి మొగుడు సుక్రు మాత్రం "గొట్టం పీకేద్దునా అమ్మా? నీకు మాటొస్తాదని ఉంచినాం" అని అడిగాడు. నాకు మాట రాకూడదని వాళ్ళు విత్తనం పోగొట్టుకున్నారు.

చిన్నమ్మి దగ్గర యాభై గింజలు తీసుకుని కొంగున కట్టుకున్నాను. మొలక పరీక్ష చెయ్యడం ట్రైనింగులో నేర్పారు. తడిగుడ్డలో గింజలు పరిచి, చుట్టి, రోజూ నీళ్ళు చిలకరిస్తే నాలుగైదు రోజుల్లో ఎన్ని బతికున్నాయో తెలిసిపోతుంది. మా వంటింట్లో ఆవకాయ జాడీ వెనక పళ్ళెంలో పెట్టి, పైన మూత పెట్టాను. నా సొంత వంటింట్లో నేను దొంగనయ్యాను. నీళ్ళు చిలకరించాలంటే అత్తగారు పెరట్లోకి వెళ్ళే దాకా ఆగాలి. మూత చప్పుడైతే పోపు గింజలు వేసి ఆ చిటపటల్లో కలిపేసేదాన్ని. ఇంతా చేసి నేను దాస్తున్నది యాభై గింజలు. అందులో భయపడటానికేముంది అని నవ్వుకునేదాన్ని, నవ్వుకుంటూనే వీధి గుమ్మం కేసి చూసేదాన్ని.

భయపడటానికేముందో మూడో రోజు తెలిసింది. మా ఆయన ఆఫీసు నుంచి చాలా ఉత్సాహంగా వచ్చారు. కాళ్ళు కూడా కడుక్కోకుండా చెప్పారు. "మీ సిరిసపుట్టుని ఆదర్శగ్రామం చేస్తున్నారు. పొగరాని పొయ్యిల్లో జిల్లాకే ఫస్టు. పై బుధవారం పెద్దాఫీసరు స్వయంగా వస్తున్నారు, ఫోటోలు తీస్తారు, పేపర్లో వేస్తారు. రిపోర్టు అంత బాగా వచ్చిందట. నా పేరు సూపరింటెండెంటు పోస్టుకి అనుకుంటున్నారు." ఆయన నవ్వితే బాగుంటారు. పెళ్ళిచూపుల్లో ఆ నవ్వు చూసే ఒప్పుకున్నాను. ఆ నవ్వు ఉన్నంతసేపట్లో చెప్పేయాలనుకున్నాను. నోరు తెరిచాను. "కాఫీ కలపనా?" అని వచ్చింది.

అయిదో రోజు గుడ్డ విప్పాను. పదకొండు మొలిచాయి. మిగతా ముప్ఫై తొమ్మిదీ మెత్తబడి బూజు పట్టాయి. మళ్ళీ లెక్కపెట్టాను. పదకొండే. మూడోసారి లెక్కపెడుతుంటే వెనకనుంచి అత్తగారు చూశారు. "ఏటే అది? గింజలు మొలిపిత్తన్నావా? ముందు నీ కడుపు సంగతి సూసుకోవేటి" అన్నారు. ఏడేళ్ళుగా వింటున్న మాటే, ఇప్పుడు దానికి గింజలు కలిశాయంతే. ఆవిడ గొంతు విని మా ఆయన వంటింట్లోకి వచ్చారు.

"ఏటిది?"

చెప్పాను. ఎలా చెప్పానో ఇప్పుడు గుర్తులేదు కానీ పిండి, పురుగు, దూలం, పదకొండు అన్నీ చెప్పాను. రిపోర్టులో ఈ సంగతి రాస్తే వానల్లోపల సర్కారు విత్తనాల డిపో నుంచి వేరే విత్తనం ఇప్పించొచ్చు, గొట్టానికి దూలం దగ్గర ఒక కన్నం పెట్టి, విత్తనం ఉన్నన్నాళ్ళు రోజూ కాసేపు పొగ వదలొచ్చు, పొయ్యి మంచిదే, తప్పు పొయ్యిది కాదు నాది అని కూడా చెప్పాను.

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు."

ఆయన అవతలి గదిలోకి వెళ్ళారు. రేడియోలో ఎవరో పాడుతున్నారు. పాట ఆగిపోయింది. అత్తగారు నా మొహం కేసి చూసి, చేటా బియ్యం పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయారు. ఆవిడకి ఆ వరస తెలుసు. తన మొగుడి దగ్గర నేర్చుకున్నారో కొడుకు దగ్గర నేర్చుకున్నారో నేనెప్పుడూ అడగలేదు. అలమర తలుపు కిర్రుమంది. నేను గుడ్డని గింజలతో సహా గుండెలకి అదుముకుని గోడకి ఆనుకుని నిలబడ్డాను. పరిగెత్తలేదు. పరిగెత్తొచ్చని నాకు తోచనైనా తోచలేదు.

ఆయన కొట్టలేదు. నా మోచెయ్యి పట్టుకుని, మెలితిప్పి, గుడ్డ జారేదాకా అలాగే పట్టుకున్నారు. గింజల్ని పెరటి పొయ్యిలో పోశారు. చాలా నెమ్మదిగా మాట్లాడారు. "యాభై గింజలు లెక్కపెట్టమని నిన్నెవరు అడిగారు? బుధవారం ఆఫీసరుగారి ముందు ఒక్క పిసరు మాట తేడా వస్తే నువ్వు ఉద్యోగం మానేస్తావు. ఇంట్లో ఉంటావు. ఇక గుమ్మం దిగవు. మంగళవారం ఊరికెళ్ళి ఆ ఆడోళ్ళకి ఏం చెప్పాలో నేర్పించి రా. బాగుంది, పొగ లేదు, కట్టె తగ్గింది. మూడు మాటలు. పొయ్యిలమ్మ చెబితే వింటారు కదా." తర్వాత కళ్ళజోడు పెట్టుకుని రేడియో పెట్టుకున్నారు. ఆ పాట ఇంకా అవలేదు. నేను కూర తరుగుతూ, ఉద్యోగం మానేస్తే ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. పొద్దున్నే నీళ్ళు కాగాయా, మధ్యాహ్నం కడుపు సంగతి, సాయంత్రం రేడియో. కొండ లేదు, గెడ్డ లేదు, నా రెండో పేరు పిలిచే వాళ్ళు లేరు. కత్తిపీట మీద వేలు తెగింది. తెగిన సంగతి కూర ఎర్రబడ్డాక తెలిసింది.

మంగళవారం వెళ్ళాను. దారంతా ఆ మూడు మాటలూ వాళ్ళ భాషలో వల్లెవేసుకుంటూ వెళ్ళాను. భయం ముదిరితే మనిషి ఎంత మంచి విద్యార్థి అవుతుందో! చిన్నమ్మి ఇంట్లో అందరూ పోగయ్యారు. రేపు పెద్దాయన వస్తాడు, పొయ్యి గురించి అడుగుతాడు అన్నాను. జారిన కొంగు సర్దుకోబోయాను. చిన్నమ్మి నా చెయ్యి చూసింది. జాకెట్టు చెయ్యి కింద మోచెయ్యి చుట్టూ నీలంగా కమిలి ఉంది.

"అదేటమ్మా?"

పడ్డాను అని చెప్పడం నాకు బాగా అలవాటు. ఆఫీసులో రెండుసార్లు అలాగే చెప్పాను, నమ్మారు, నమ్మినట్టు ఊరుకున్నారు. ఈ మనుషుల దగ్గర ఆ మాట నోటికి రాలేదు. "గింజల సంగతి చెప్పినందుకు" అన్నాను. గురుబారి నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, పసుపు నూరి తెమ్మని కోడలికి చెప్పి, మిగతావాళ్ళతో వాళ్ళ భాషలో అంది, "ఈ పిల్ల ఇంట్లో పొగ బయటికి పోయే దారి లేదు." నాకు అర్థమవుతుందని మర్చిపోయిందో, అర్థం కావాలనే అందో తెలీదు. నాకు ఏడుపొచ్చింది. ఏ మాటా నేర్పకుండానే దిగి వచ్చేశాను. ఇంటికొచ్చాక ఆయన "నేర్పావా?" అంటే "నేర్పాను" అన్నాను.

బుధవారం జీపు గెడ్డ దాకా వచ్చింది. అక్కణ్ణించి పెద్దాఫీసరు, ఆయన వెనక ఫోటోగ్రాఫరు, మా ఆఫీసు వాళ్ళు, చివర్న నేను నడిచాం. ఆఫీసరుకి నలభై ఏళ్ళు కూడా ఉండవు. చెమట తుడుచుకుంటూ దారిలో చెట్ల పేర్లు అడుగుతున్నాడు. మా ఆయన అన్నిటికీ చెబుతున్నారు, సగం తప్పులు. నేను చెయ్యాల్సింది ఏమీ లేదని నాకు నేను నచ్చజెప్పుకుంటున్నాను. ఆడవాళ్ళే చెబుతారు, పిండి రాలుతున్న కండెలు వాళ్ళే చూపిస్తారు, నేను వాళ్ళ మాటని తెలుగులోకి మార్చడమే కదా, మాట వాళ్ళది, నాలిక మాత్రమే నాది. తర్వాత మా ఆయన అడిగితే "వాళ్ళన్నదే చెప్పానండీ" అనొచ్చు. ఆ వాక్యం కూడా దారిలో వల్లెవేసుకున్నాను. అంత పిరికిదాన్ని.

చిన్నమ్మి ఇంటి లోపలికి అడుగు పెట్టగానే పైకి చూశాను. దూలం ఖాళీ. ఒక్క కండె లేదు. పొయ్యి కొత్తగా అలికి ముగ్గు పెట్టి ఉంది. నేల మీద పిండి రవ్వ లేకుండా ఊడ్చేశారు. నాకు మొదట అర్థం కాలేదు. చిన్నమ్మి కేసి చూస్తే ఆమె తల వంచుకుంది. మా ఆయన నాకేసి మెచ్చుకోలుగా చూశారు. ఏడేళ్ళలో అలా చూడటం అదే మొదలేమో. ఫోటోగ్రాఫరు పొయ్యిని రెండు వైపుల్నించీ తీశాడు.

ఆఫీసరు గురుబారి ముందు పీట మీద కూర్చున్నాడు. "అవ్వా, నిజం చెప్పు. ఈ పొయ్యి వల్ల మీకేమైనా ఇబ్బంది ఉందా?" అన్నాడు. నేను ఆవిడ భాషలో అడిగాను. నా గొంతు నాకే వినబడలేదు, మళ్ళీ అడగాల్సి వచ్చింది.

గురుబారి ఆఫీసరు కేసి చూడలేదు. నా భుజం మీంచి, నా వెనక నిలబడ్డ మా ఆయన కేసి చూసింది. తర్వాత నాకేసి చూసి, తొందర లేకుండా వాళ్ళ భాషలో చెప్పింది. "బాగుంది. పొగ లేదు. కట్టె తగ్గింది. ఏ ఇబ్బందీ లేదు, గింజ కూడా బాగుందని చెప్పు. గింజ ఎక్కడో ఓ చోట మేం అడిగి తెచ్చుకుంటాం. ఈ పిల్ల మంచిది, దీన్నెవరూ ఏమీ అనకూడదని కూడా చెప్పు."

నేను నేర్పని మూడు మాటలు! వాళ్ళంతట వాళ్ళే కూడబలుక్కున్నారు. నా మోచెయ్యి కోసం ఇరవై రెండు ఇళ్ళ విత్తనాన్ని ఎక్కడో దాచేసి వచ్చి కూర్చున్నారు. పొయ్యి కట్టినప్పుడు నాకు మాటొస్తుందని గొట్టం పీకలేదు, ఇప్పుడు నాకు దెబ్బొస్తుందని నోరు విప్పడం లేదు. చుట్టూ ఆడవాళ్ళందరూ నాకేసి చూస్తున్నారు, చెప్పెయ్యమ్మా, చెప్పేసి క్షేమంగా ఇంటికెళ్ళు అన్నట్టు. వల్లెవేసుకున్న వాక్యం నాకిక పనికిరాదని అప్పుడు తెలిసింది. వాళ్ళన్నదే చెబితే అబద్ధం. నిజం చెబితే అది వాళ్ళన్నది కాదు.

"ఏమంటోంది?" అన్నాడు ఆఫీసరు.

"బాగుందంటోంది సార్" అన్నారు వెనకనుంచి మా ఆయన. ఆయనకి ఆ భాషలో ఒక్క ముక్క రాదు.

"ఆవిణ్ణి చెప్పనివ్వండి" అన్నాడు ఆఫీసరు.

"పొగ లేదంటోంది సార్. కట్టె సగానికి తగ్గిందంటోంది" అన్నాను. అంతదాకా సరిగ్గానే ఉంది. ఊపిరి తీసుకుని, ఆగకుండా ఒక్క బిగిన మిగతాది చెప్పేశాను. "కానీ పొగ లేకపోవడం వల్ల విత్తనానికి పురుగు పట్టిందట. యాభై గింజలు పెడితే పదకొండే మొలిచాయట. వానల్లోపల వేరే విత్తనం ఇప్పించమంటోంది."

తెలుగు తెలిసిన చిన్నమ్మి చటుక్కున తలెత్తింది. "అమ్మా" అంది, ఆపుతున్నట్టు. నా వెనక నేల మీద చెప్పు జరిగిన చప్పుడైంది. నేను తిరిగి చూడలేదు. చూస్తే ఆగిపోతానని తెలుసు.

ఆఫీసరు చేతిలో పుస్తకం తెరిచాడు. గురుబారి కేసీ, ఖాళీ దూలం కేసీ, నాకేసీ మార్చి మార్చి చూశాడు.

"యాభైలో పదకొండా? ఈ అవ్వ లెక్కపెట్టిందా?"

అవును సార్ అంటే సరిపోయేది. ఆ ముసలమ్మ కాదనేది కాదు. నా కోసం ఇంతదాకా వచ్చిన మనిషి, ఆ లెక్క కూడా తనదేనని మోసేది.

"కాదు సార్," అన్నాను. "నేనే లెక్కపెట్టాను. మా వంటింట్లో."